బస్సుకు ఒక్క ఎకరం: హెచ్‌ఎండీఏ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

హైదరాబాద్ పడమర వైపు మీ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వేసిన కోకాపేట నియోపోలిస్ లేఅవుట్‌లోనూ, దాని చుట్టుపక్కల నార్సింగి, పుప్పాలగూడ, గండిపేట వైపూ లేస్తున్న టవర్ల గురించి, ఇంకా కాగితం మీదే ఉన్న వేల ఫ్లాట్ల గురించి ఈ ఉత్తరం. టవర్లు వద్దని రాయడం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ మధ్య ఎవరు నోరు విప్పినా అభివృద్ధికి అడ్డం పడుతున్నారన్న ముద్ర సిద్ధంగా ఉంటోంది. నేనూ ఈ వైపే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. నేను లోపలికొచ్చాక నా వెనకవాళ్లకు తలుపు వెయ్యమనడం న్యాయం కాదు. నేను అడిగేది వేరు. ఇకపై ఇక్కడ ఇచ్చే ప్రతి పెద్ద అనుమతినీ, ప్రతి ఓసీనీ, అంటే కట్టడం పూర్తయ్యాక కాపురం ఉండొచ్చని ఇచ్చే పత్రాన్నీ, బస్సుకూ ఫుట్‌పాత్‌కూ ముడిపెట్టండి. మీ చేతిలో ఇంకా మిగిలిన భూమిలో, అది మిగలకపోతే కొని అయినా సరే, బస్ టెర్మినల్‌కు ఒక ఎకరం తీసి పక్కన పెట్టండి.

ఒక ఎకరం అని తేలిగ్గా అంటున్నాను గానీ ఇక్కడ ఎకరం విలువ నాకు తెలియక కాదు. 2023 ఆగస్టులో నియోపోలిస్ రెండో విడత వేలానికి మీ సంస్థ ఎకరానికి 35 కోట్ల కనీస ధర పెట్టింది. ఒక ప్లాటు పాట 100.75 కోట్ల దాకా పోయింది. దాదాపు 45 ఎకరాల మీద 3,300 కోట్లకు పైగా వచ్చింది. ఆ రోజు టీవీ చానళ్లన్నీ ఆ వంద కోట్ల అంకెనే తిప్పి తిప్పి చూపించాయి. అంత పెట్టి కొన్నవాళ్లకు ఒక ఎకరంలో ఎన్ని కుటుంబాలను నిలబెడితే గిట్టుబాటవుతుంది, ఆ కుటుంబాలన్నీ పొద్దున ఎనిమిదిన్నరకు ఏ రోడ్డెక్కుతాయి అని అడిగినవాళ్లు నాకు కనిపించలేదు.

భూమి ఆ ధర పలికాక పైకి పోవడం తప్ప బిల్డరుకు దారి లేదు. పైకి పోవడానికి మన దగ్గర అడ్డూ లేదు. దేశంలో చాలా నగరాల్లో ప్లాటు విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో 2006 నాటి జీవో 86 ఆ పరిమితిని తీసేసింది, 2012 నాటి జీవో 168 అదే దారిలో నడిచింది. ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నదాన్ని బట్టే ఎత్తు. అందుకే కోకాపేటలో యాభై అంతస్తులు దాటిన టవర్లు వచ్చాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నిబంధన చూసేది గేటు ముందున్న రోడ్డును. ఆ రోడ్డు ఎక్కడికి పోయి కలుస్తుందో అది చూడదు. నియోపోలిస్ లోపల రోడ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, వంద అడుగులు దాటిన వెడల్పు. ఆ వెడల్పు చూపించి ఒక్కొక్క టవరు ఆకాశానికి పోతోంది. కానీ ఆ రోడ్లన్నీ చివరికి వచ్చి పడేది అదే నార్సింగి జంక్షన్‌లో, అదే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) సర్వీసు రోడ్డులో, అదే విప్రో సర్కిల్‌లో. పది ప్లాట్లకు పది పర్మిషన్లు విడివిడిగా చూస్తే ఒక్కదానిలోనూ తప్పు దొరకదు. పదింటినీ కలిపి ఆ జంక్షన్‌లో నిలబెట్టి చూసే కాలమ్ మాత్రం ఏ దరఖాస్తులోనూ ఉండదు.

చిన్న లెక్క వేద్దాం. ఏ ప్రాజెక్టు పేరూ అక్కర్లేదు. రెండు వేల ఫ్లాట్లు అనుకోండి, ఇప్పుడు ఇది పెద్ద సంఖ్యేమీ కాదు. ఇంటికి సగటున కారున్నర అనుకుంటే మూడు వేల కార్లు. ఒక్కో కారుకు ముందూ వెనకా కాస్త జాగా కలిపి ఆరు మీటర్లు వేసుకుంటే, ఒకే వరుసలో నిలబెడితే 18 కిలోమీటర్లు. కోకాపేటలో మొదలైన వరుస దగ్గర దగ్గర పాతబస్తీ దాకా పోతుంది. అన్నీ ఒకేసారి బయటికి రావు, నిజమే. మూడో వంతు వచ్చినా ఆరు కిలోమీటర్లు. ఇది ఒక్క ప్రాజెక్టు.

ఈ ప్రాంతం ఇప్పటికే ఎంత బిగుసుకుపోయి ఉందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. 2023 జులై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు మూడు దశల్లో లాగౌట్ చెయ్యమని చెప్పాల్సి వచ్చింది. ఫలానా వైపువాళ్లు ఫలానా వేళకు ఇళ్లకు బయల్దేరండి అని పోలీసులు టైం టేబుల్ ఇవ్వాల్సిన పరిస్థితి అన్నమాట. ఇక గండిపేట చెరువు నిండి గేట్లు ఎత్తారంటే నార్సింగి–మంచిరేవుల దారి మునుగుతుంది, బారికేడ్లు పడతాయి. అప్పుడు ఆ వైపు జనమంతా ఉన్న ఒకటి రెండు దారుల్లోకే మళ్లాలి. రాబోయే టవర్ల ట్రాఫిక్ లెక్కలు కట్టేవాళ్లు ఇలాంటి రోజును కూడా లెక్కలోకి తీసుకుంటున్నారా అన్నది నా సందేహం.

లెక్కలు కట్టడమైతే కడుతున్నారు, కాదనను. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు దాటిన ఏ కట్టడానికైనా పర్యావరణ అనుమతి ఉండాలి. ఆ దరఖాస్తులో ట్రాఫిక్ గురించి కూడా రాయాలి. కన్సల్టెంట్ వచ్చి గేటు దగ్గర కొన్ని గంటలు వాహనాలు లెక్కిస్తాడు, వాటికి ప్రాజెక్టు కార్లు కలుపుతాడు, రోడ్డు సామర్థ్యంతో భాగిస్తాడు, ముందు ముందు రోడ్డు వెడల్పవుతుంది కాబట్టి ఇబ్బంది లేదని ముగిస్తాడు. ఆ పట్టికలో బస్సైనా, లారీ అయినా ఇన్ని కార్లకు సమానమనే లెక్కలోకి వస్తుంది. మనిషి అన్న గడి మాత్రం వెతికినా దొరకదు.

పైగా ఆ నోటిఫికేషన్ భవన నిర్మాణాలకూ టౌన్‌షిప్‌లకూ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. ఎక్కడో గనికో ఫ్యాక్టరీకో అయితే టెంటు వేసి, మైకు పెట్టి ఊరివాళ్లను మాట్లాడనిస్తారు. పది వేల మంది కాపురం ఉండబోయే ప్రాజెక్టు మీద పక్క ఊరివాడు ఒక్క మాట చెప్పే చోటు లేదు. అనుమతి వచ్చిన తర్వాత రెండు పేపర్లలో, అందులో ఒకటి స్థానిక భాషలో, ప్రకటన వెయ్యాలన్న షరతు ఉంది. అప్పటికి చెప్పడానికి ఏముంటుంది? అందుకే ఇలా బహిరంగంగా రాయాల్సి వస్తోంది.

ఇప్పుడు ఆ గడిలో లేని మనుషుల సంగతి.

మా బ్లాకులో మూడు నాలుగు ఇళ్లలో పనిచేసే ఒకామె లంగర్‌హౌజ్ వైపు నుంచి వస్తుంది. నార్సింగి దాకా బస్సు దొరుకుతుంది. కష్టమంతా ఆ తర్వాతే. నార్సింగిలో దిగి టవర్ల వైపు రావాలంటే షేర్ ఆటో, అది నిండితే గానీ కదలదు, కదిలినా మెయిన్ రోడ్డు మీదే దింపేస్తుంది. అక్కడి నుంచి నడక. ఫుట్‌పాత్ బాగానే మొదలవుతుంది. కాస్త దూరం పోగానే ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ ఇనుప కంచె. ఆమె రోడ్డు మీదికి దిగుతుంది. మళ్లీ ఎక్కగానే ఒక ప్రాజెక్టు మార్కెటింగ్ ఆఫీసు, ఫ్లాట్లు చూడ్డానికి వచ్చేవాళ్ల కార్లు ఎక్కడానికి ఫుట్‌పాత్ పగలగొట్టి పోసిన సిమెంటు ర్యాంపు. మళ్లీ దిగుతుంది. ఆ పైన ఇసుక కుప్ప. దాని పక్క నుంచి రెడీమిక్స్ లారీలు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు. ఆ బైకుల మీద వచ్చేది కూడా మనకు భోజనం, మందులు తెచ్చే కుర్రాళ్లే. ఓఆర్‌ఆర్ మీదికి టూవీలర్లను రానివ్వరు, సర్వీసు రోడ్డులో యూ టర్న్ ఎక్కడో దూరాన ఉంటుంది, డెలివరీ టైం ఫోన్‌లో మోగుతుంటుంది. వాళ్లను తిట్టడం సులువు.

మహాలక్ష్మి పథకం వచ్చాక, అంటే 2023 డిసెంబరు నుంచి, ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. ఆమెను ఒకసారి అడిగాను, ఇప్పుడు ఖర్చు తగ్గిందా అని. "నార్సింగి దాకా పైసలు లేవు మేడమ్. ఆడికెల్లి ఆటోకే అన్ని అయితున్నయ్. బస్సు ఫ్రీ అన్నరు, ఈడికి బస్సేది?" అంది.

ఇలాంటివాళ్లు ఒక్కో టవరుకు ఎంతమందో ఆలోచించండి. వంట మనుషులు, ఆయాలు, డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, హౌస్ కీపింగ్, తోటపని, లిఫ్టులు, ప్లంబింగ్, ఎలక్ట్రికల్. క్లబ్ హౌసులో పనిచేసేవాళ్లు వేరు. యాభై అంతస్తుల భవనం తనంతట తాను నడవదు. వీళ్లలో కారు ఉన్నవాళ్లు ఎవరూ ఉండరు, చాలామందికి బండీ ఉండదు. కార్లకు కనీసం ఇంత పార్కింగ్ చూపించాల్సిందేనని బిల్డింగ్ రూల్స్‌లో పట్టిక ఉంది. ఆ కార్లు తుడిచే మనిషి ఎలా వస్తాడన్న దానికి పట్టిక లేదు. సెల్లార్లు, స్టిల్టు, పోడియం కలిపి అంతస్తుల కొద్దీ పార్కింగ్ కడుతున్నారు, ఫ్లాటుకు రెండు, మూడు స్లాట్లని బ్రోచర్లో గొప్పగా వేసుకుంటున్నారు. ఇచ్చిన స్లాటు ఖాళీగా ఎందుకుంటుంది? రెండో కారు వస్తుంది. 2017లో కేంద్రం తెచ్చిన ట్రాన్సిట్ ఆధారిత అభివృద్ధి విధానం స్టేషన్ల దగ్గర పార్కింగ్ తగ్గించమంది. మనం మెట్రో వస్తుందంటున్న చోట కూడా కనీస పార్కింగే అడుగుతున్నాం, గరిష్ఠ పరిమితి ఊసే లేదు.

మెట్రో పేరెత్తాను కాబట్టి ఆ సంగతీ చూద్దాం. రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్ దాకా 11.6 కిలోమీటర్ల లైను రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. 76.4 కిలోమీటర్ల మొత్తం ప్రణాళికకు రాష్ట్రం వేసుకున్న ఖర్చు 24,269 కోట్లు. రావాలి, తప్పకుండా రావాలి. కానీ పాత అనుభవం చూడండి. మొదటి దశకు ఒప్పందం మీద సంతకాలు 2010లో పడ్డాయి. మొదటి రైలు 2017 నవంబరులో నడిచింది. రాయదుర్గం స్టేషన్ తెరిచింది 2019 నవంబరులో. తర్వాత 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి ఎక్స్‌ప్రెస్ మెట్రో అని శంకుస్థాపన జరిగింది. ఆ లైను ఈ నార్సింగి మీదుగానే పోవాలి. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ దారీ మారింది. విమానాశ్రయం లైను ఇప్పుడు నాగోల్ వైపు నుంచి అంటున్నారు. ఏది మంచి దారి అన్న వాదనలోకి నేను పోను. ఆ మధ్యకాలంలో "మెట్రో స్టేషన్‌కు నడిచే దూరం" అన్న మాట నమ్మి ఇక్కడ ఫ్లాటు కొన్నవాళ్ల మాటేమిటి? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇప్పటికీ బ్రోచర్లలో స్టేషన్ బొమ్మలు కనిపిస్తూనే ఉన్నాయి.

టవరు నాలుగైదేళ్లలో లేస్తుంది. మెట్రో రాయదుర్గం దాకా రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మధ్యలో ఆ నాలుగైదేళ్లు ఉన్నాయే, అప్పుడే జనం కార్లు కొంటారు, ఈఎంఐలు పెట్టుకుంటారు, పిల్లల బడి కారు దూరంలో చూసుకుంటారు. అదే అలవాటవుతుంది. ఆ తర్వాత రైలొచ్చినా దాన్ని కార్ల అద్దాల్లోంచి చూస్తారు. అందుకే మొదటి కుటుంబం గృహప్రవేశం చేసే రోజుకే బస్సు ఉండాలంటున్నాను. బస్సుకు తొమ్మిదేళ్లు అక్కర్లేదు. నిలబడ్డానికి జాగా ఉంటే చాలు.

ఆ జాగానే లేదు. లేఅవుట్ వేసేటప్పుడు కరెంటు సబ్‌స్టేషన్‌కు స్థలం వదులుతారు, వాటర్ ట్యాంకుకు వదులుతారు, పార్కులకు వదులుతారు. బస్ టెర్మినల్ కూడా అలాంటిదే. అది లేకపోతే ఏమవుతుందంటే, చివరి స్టాపు అన్నది రోడ్డు పక్కన ఒక చెట్టు కింద ఉంటుంది. బస్సు అక్కడే మెయిన్ రోడ్డు మీద వెనక్కి తిరగాలి, వెనకాల హారన్లు. డ్రైవరుకు, కండక్టరుకు బాత్రూం ఉండదు. మన ఆర్టీసీలో ఆడవాళ్లు కండక్టర్లుగా పనిచేస్తున్నారు. రోజుకు అన్ని ట్రిప్పులు తిరిగే మనిషికి చివరి స్టాపులో ఒక టాయిలెట్ లేని రూట్ ఎన్నాళ్లు నిలబడుతుంది? డిపో మేనేజరు ఏదో ఒకరోజు ఆ ట్రిప్పులు తగ్గిస్తాడు, ఆదరణ లేదని రాస్తాడు.

నగరం మొత్తానికే బస్సులు చాలవు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సేవా ప్రమాణాల ప్రకారం వెయ్యి జనాభాకు 0.6 బస్సు ఉంటే అది మేలైన స్థాయి. కోటి మందికి 6,000 బస్సులు. మన ఆర్టీసీ హైదరాబాద్‌లో నడుపుతున్నవి అందులో సగం దరిదాపుల్లో ఉంటాయి, 2019 సమ్మె తర్వాత తగ్గినవాటి లోటు ఇంకా తీరలేదు. అయితే ఇప్పుడొక అవకాశం వచ్చింది. కేంద్రం పీఎం ఈ–డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఎలక్ట్రిక్ బస్సును ఎక్కడపడితే అక్కడ నిలిపితే సరిపోదు, దానికి చార్జింగ్ ఉన్న చోటు కావాలి, హైటెన్షన్ కరెంటు లైను కావాలి. ఎక్కడ జాగా ఉంటే బస్సులు అటు పోతాయి. పడమర వైపు భూమి మొత్తం పాటకు పెట్టేసి, తర్వాత ఆర్టీసీని "మాకు బస్సులేవి" అని అడిగితే వాళ్లు ఏ ఆకాశంలో నిలబెడతారు?

వంద కోట్ల భూమిలో బస్ టెర్మినలా అని మీ ఆఫీసులోనే ఎవరో ఒకరు నవ్వవచ్చు. 2023 వేలంలో వచ్చిన డబ్బుతో పోల్చి చూడండి, ఒక ఎకరం విలువ అందులో నూటికి మూడు రూపాయలు. ఎకరంలో పది బస్సులు నిలిచి, తిరిగి, చార్జింగ్ పెట్టుకోవచ్చు. పైన రెండు అంతస్తులు వేసి షాపులకు ఇచ్చుకుంటే ఆర్టీసీకి అద్దె కూడా వస్తుంది.

ఇంకో మాట కూడా వింటుంటాం. ఇక్కడ ఫ్లాటు కొనేవాళ్లు కోట్లు పెట్టేవాళ్లు, వాళ్లు బస్సెక్కుతారా అని. ఎక్కుతారు. విమానాశ్రయం పుష్పక్ బస్సుల్లో ఎవరు కూర్చుంటున్నారో ఒకసారి చూడండి, వాళ్లందరికీ కార్లు లేకనా? సమయానికి వస్తుందన్న నమ్మకం, కూర్చునే చోటు, ఏసీ, అంతే కావలసింది. రాయదుర్గంలో సాయంత్రం మెట్రో కోసం నిలబడే గుంపులో ఎంతమంది మెడలో ఐటీ కంపెనీ ట్యాగులున్నాయో చూసినా చాలు. కోకాపేట నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఎంతో దూరం లేదు, నాలుగైదు కిలోమీటర్లు. ఆఫీసుకు ఇంత దగ్గరగా ఇంత మంది ఉండటం నిజానికి మంచి విషయం. ఊరి చివర విల్లాలు కట్టి ఇరవై కిలోమీటర్ల నుంచి కార్లలో రావడం కంటే వెయ్యి రెట్లు మేలు. ఆ మేలును మనమే పాడుచేసుకుంటున్నాం, ఐదు కిలోమీటర్లకు కూడా కారు తప్ప గతి లేకుండా చేసి. రాయదుర్గం మెట్రో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నియోపోలిస్, నార్సింగిని కలుపుతూ పది నిమిషాలకొక చిన్న ఏసీ బస్సు, పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా. మెట్రో వచ్చేదాకా ఇదే మా మెట్రో అనుకుంటాం.

సైకిళ్ల విషయం రాయకుండా ఉందామనుకున్నాను గానీ, మీ సంస్థ గొప్పగా చెప్పుకునేది కాబట్టి రాస్తున్నాను. ఓఆర్‌ఆర్ వెంట సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒకటి. నీడ ఉంది, కరెంటూ పుడుతుంది, చూడ్డానికి బావుంది. ఆదివారం పొద్దున్నే సైకిలును కారు వెనక కట్టుకుని వచ్చి, అక్కడ దించుకుని తొక్కి, మళ్లీ కారుకు కట్టుకుని పోతున్నారు. టవరు గేటు నుంచి ఆ ట్రాక్ దాకా ప్రాణభయం లేకుండా పోయే దారి, ట్రాక్ దిగి ఆఫీసు దాకా పోయే దారి వెయ్యలేదు కాబట్టి. మిగిలిన ఆ కాస్త దూరం కలపడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఎలక్ట్రిక్ కార్లు వస్తున్నాయి కదా, 2026 డిసెంబరు దాకా రోడ్ ట్యాక్సు కూడా లేదు కదా అంటారు. మంచిదే. పొగ తగ్గుతుంది. జంక్షన్‌లో అది కూడా ఆరు మీటర్లే ఆక్రమిస్తుంది.

ఇక అధికారం విషయం. రవాణా మా పని కాదు, ఆర్టీసీని అడగండి అనే జవాబు రాకూడదని ముందే చెబుతున్నాను. హైదరాబాద్‌కు ఉమ్మడి రవాణా ప్రాధికార సంస్థ, హుమ్టా, మీ గొడుగు కిందే ఉంది. ఆర్టీసీ, మెట్రో, రైల్వే, ట్రాఫిక్ పోలీసులను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం కోసమే అది పుట్టింది. పర్మిషన్ ఇచ్చేదీ మీరే, లేఅవుట్ వేసేదీ మీరే, భూమి అమ్మేదీ మీరే. బిల్డరు మాట వినాలంటే చేతిలో ఆయుధమూ ఉంది. పర్మిషన్ ఇచ్చేటప్పుడే కట్టే విస్తీర్ణంలో పది శాతం తనఖా పెట్టించుకుంటారు, ఓసీ ఇచ్చాకే వదులుతారు. చుట్టూ వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) తగ్గిస్తే, అదనపు అంతస్తు వేస్తే పట్టుకోవడానికి అది ఉంది. అదే పది శాతం మీద ఇంకొన్ని షరతులు రాయండి: ప్రాజెక్టు చుట్టూ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పినట్టు కనీసం 1.8 మీటర్ల అడ్డంలేని ఫుట్‌పాత్, దాని ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకుండా. గేటుకు దగ్గర్లో రోడ్డు నుంచి పక్కకు తప్పించిన బస్ బే, నీడ. రోడ్డు దాటడానికి సిగ్నల్ ఉన్న జీబ్రా, ముసలివాళ్లు ఎక్కలేని ఫుట్ ఓవర్ బ్రిడ్జి కాదు. ఇవి కట్టి చూపించాకే తనఖా విడుదల. ట్రాఫిక్ అధ్యయనం ఒక్క ప్రాజెక్టుకు కాకుండా కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ అన్నింటికీ కలిపి హుమ్టానే చెయ్యాలి, ఖర్చు బిల్డర్ల దగ్గర వసూలు చెయ్యాలి. అందులో వాహనాలను కాదు, మనుషులను లెక్కపెట్టాలి. 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలు కదలడం కాదు, మనుషులు కదలడం ముఖ్యమని చెప్పింది కాబట్టి నేను కొత్తగా కనిపెట్టిన షరతేమీ కాదు ఇది. ఆ నివేదిక తెలుగులో కూడా బయటపెట్టాలి, అనుమతికి ముందు.

మనుషుల లెక్క ఎక్కడ దొరుకుతుందని అడిగితే, అది మా దగ్గర ఉంది. ఈ వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో గేటు దగ్గర యాప్ ఉంటుంది. పనివాళ్లు, డ్రైవర్లు, డెలివరీ కుర్రాళ్లు ఎన్నింటికి లోపలికొచ్చారు, ఎన్నింటికి బయటికి పోయారు అన్నది నిమిషాలతో సహా అందులో నమోదవుతుంది. దొంగతనాల భయంతో పెట్టుకున్న లెక్క అది, బస్సు టైం టేబుల్ వెయ్యడానికి ఇంతకంటే మంచిది దొరకదు. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి, వేళలూ సంఖ్యలూ మాత్రం హుమ్టాకు ఇచ్చేలా మా అసోసియేషన్‌ను, పక్క అసోసియేషన్లను ఒప్పించే పని నేను పెట్టుకుంటాను. ఆ లెక్క తీసుకోవడానికి ఒక అధికారిని నియమించి, ఎవరిని కలవాలో మీ ఆఫీసు నుంచి ఒక ప్రకటన ఇప్పించండి.

ఇట్లు,
నార్సింగి వైపు ఒక అపార్ట్‌మెంట్ నివాసి